దున్నేది మనం, బీమా పట్టాకు

చేను పోతే మునిగేదెవరు? పట్టా ఉన్నవాడా, నాగలి పట్టినవాడా?

మన మాల, మాదిగ వాడల్లో సొంత చెక్క ఉన్నోళ్లు తక్కువ. కౌలుకు పట్టి చేసేవాళ్లమే ఎక్కువ. విత్తనం, ఎరువు, పురుగుమందు అన్నీ షావుకారు దగ్గర అప్పే. వాన ఎగ్గొట్టినా, తుఫాను ముంచినా, పత్తికి గులాబీ రంగు పురుగు పట్టినా నష్టం మనదే. ఆసామికిచ్చే కౌలు మాత్రం తగ్గదు.

మరి సర్కారు రక్షణ ఎవరికి? తెలంగాణలో 2018లో రైతుబంధు తెచ్చి పట్టాదారుకే ఇచ్చారు. అదే ఏడు తెచ్చిన రైతుబీమా 5 లక్షలు కూడా పట్టా ఉన్న రైతు చనిపోతేనే అన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇస్తామంది. ఆంధ్రలో దాని స్థానంలో 2019లో వచ్చిన చట్టం, కార్డు కావాలంటే యజమాని సంతకం తెమ్మంది. సంతకం అడిగితే "రేపట్నుంచి చేలోకి రావద్దు" అంటాడు. ఇంక అడిగేదెట్లా?

అందుకే మనం అడగాల్సింది ఒకటే. ఆడైనా మగైనా, చేను చేసేవాళ్ల పేరు గ్రామసభలో రాయాలి. దానికి యజమాని సంతకంతో పని ఉండకూడదు. పరిహారం, బీమా, బ్యాంకు అప్పు ఆ పేరు మీదే రావాలి. పంట పోయిన ఏడు కౌలు మాఫీ కావాలి.

అందాకా మన జాగ్రత్త మనకుండాలి. చేనంతా పత్తే పెట్టొద్దు. నడుమ కంది సాళ్లు వేస్తే ఒకటి పోయినా ఇంకోటి దక్కుతుంది. విత్తనాల రశీదు, ఖాళీ సంచి దాచుకోవాలి. మొలక రాకపోతే అవే సాక్ష్యం. కౌలు మాట నలుగురి ముందే మాట్లాడుకోవాలి.

ఆఫీసుకు ఒక్కడు పోతే గుమస్తా కూడా పలకడు. వాడంతా కదిలితే తహసీల్దారే కుర్చీలోంచి లేచొస్తాడు.