సీఆర్‌పీఎఫ్ కుటుంబాలకు సైనిక కుటుంబాలతో సమాన గౌరవం, సమాన సంక్షేమం కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికి
(గుంటూరు జిల్లా కలెక్టర్ గారి ద్వారా)

సమర్పించువారు: గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలకు చెందిన సీఆర్‌పీఎఫ్ విశ్రాంత సిబ్బంది, విధుల్లో ఉన్న జవాన్ల తల్లిదండ్రులు, భార్యలు, అమర జవాన్ల కుటుంబసభ్యులు.

విషయం: కేంద్ర రిజర్వు పోలీసు దళం సిబ్బందికి, వారి కుటుంబాలకు పింఛను, వైద్యం, భూమి, చదువు విషయాల్లో న్యాయం చేయవలసిందిగా విన్నపం.

ఆర్యా,

మేము మిరప, పత్తి పండించే ఊళ్లవాళ్లం. పల్నాడులో, పర్చూరు చుట్టుపక్కల, ఉమ్మడి ప్రకాశం పడమటి భాగంలో ఎకరం రెండెకరాల సొంత భూమికి తోడు నాలుగెకరాలు కౌలుకు చేసే ఇళ్ల నుంచే మా పిల్లలు సీఆర్‌పీఎఫ్‌లో చేరారు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను తినేసినప్పుడు, 2025 ఆరంభంలో గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయినప్పుడు పురుగుమందుల కొట్టు బాకీ తీర్చింది ఛత్తీస్‌గఢ్ నుంచో కశ్మీర్ నుంచో వచ్చిన జీతమే. గిద్దలూరు, బేస్తవారిపేట, కంభం వైపు వాన మీద ఆధారపడ్డ పల్లెల్లో మిలటరీకో, కేంద్ర బలగాలకో మనిషిని పంపని వీధి అరుదు. దేశం మీద ప్రేమతో వెళ్లారు, ఇల్లు నిలబెట్టాలని కూడా వెళ్లారు. రెండూ నిజమే, రెండూ గౌరవించదగినవే.

ఈ దళం చేసిన సేవ ఏమిటో తమకు తెలుసు. అయినా మా కోరికలకు ఆధారం ఆ చరిత్రే కాబట్టి క్లుప్తంగా మనవి చేస్తున్నాము.

1939 జులై 27న ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని నీమచ్‌లో క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీస్ అనే పేరుతో ఈ దళం పుట్టింది. సంస్థానాల్లో శాంతిభద్రతల కోసం తెల్లదొరలు పెట్టుకున్న దళమది. స్వాతంత్ర్యం వచ్చాక సర్దార్ పటేల్ దీనిని కొత్త దేశానికి పనికివచ్చే బలగంగా మలిచారు. 1949 డిసెంబరు 28న సీఆర్‌పీఎఫ్ చట్టం వచ్చింది. 1950 మార్చి 19న నీమచ్‌లో పటేల్ గారే దళానికి పతాకం అందించారు.

1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు నేలకొరిగారు. ఏటా అక్టోబరు 21న మన జిల్లా కేంద్రాల పోలీసు పరేడ్ మైదానాల్లో స్తూపం ముందు తుపాకులు దించి మౌనం పాటించేది ఆ రోజును తలచుకునే. 1965 ఏప్రిల్ 9న గుజరాత్‌లోని రణ్ ఆఫ్ కచ్‌లో సర్దార్ పోస్టును కాపాడింది సీఆర్‌పీఎఫ్ రెండో బెటాలియన్. ఎన్నో రెట్లు పెద్దదైన పాకిస్తాన్ సైన్యం మీదికి వస్తే మన జవాన్లు పోస్టు వదల్లేదు. అప్పటికి సరిహద్దు భద్రతా దళం ఏర్పడనే లేదు. ఏటా ఏప్రిల్ 9న శౌర్య దినం జరిపేది అందుకే. 1986లో 88వ మహిళా బెటాలియన్‌ను నిలబెట్టి ఆడపిల్లల చేతికి ఆయుధం ఇచ్చింది ఈ దళమే. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీదికి వచ్చిన ఉగ్రవాదులను గేటు దగ్గర పసిగట్టి కేకవేసిన కానిస్టేబుల్ కమలేశ్ కుమారి ఆ బెటాలియన్ బిడ్డే. తూటాలకు ప్రాణమిచ్చిన ఆమెకు దేశం అశోకచక్ర ఇచ్చింది.

2010 ఏప్రిల్ 6న దంతెవాడ అడవిలో మావోయిస్టుల దాడిలో 76 మంది పోయారు. ఒక్కరు తప్ప అందరూ సీఆర్‌పీఎఫ్ వాళ్లే. 2019 ఫిబ్రవరి 14న పుల్వామా ఉగ్రదాడిలో 40 మంది. 2021 ఏప్రిల్ 3న బీజాపూర్, సుక్మా సరిహద్దులో 22 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. వారిలో సత్తెనపల్లి ప్రాంతానికి చెందిన, సీఆర్‌పీఎఫ్ కోబ్రా విభాగపు జవాను ఒకరు. ఆ వార్త మాకు టీవీలో కంటే ముందు ఫోన్లలో తెలిసింది.

మన నేలకూ ఈ దళం విలువ తెలుసు. నల్లమల అంచున దోర్నాల, యర్రగొండపాలెం వైపు పల్లెలు నక్సలైట్ల రోజుల్లో ఎన్ని రాత్రులు భయంతో గడిపాయో పెద్దలు మరిచిపోలేదు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు నక్సలైటు నాయకులు నల్లమల నుంచి బయటికి వచ్చింది మా ప్రాంతంలోనే. 2024 మే 13న పోలింగ్ నాడు పల్నాడులో గొడవలు చెలరేగితే, లెక్కింపు అయిపోయాక కూడా కేంద్ర బలగాలను రాష్ట్రంలో ఉంచాలని ఎన్నికల సంఘం నిర్ణయించవలసి వచ్చింది. మన ఊళ్లో ఏ పార్టీవాడైనా నిర్భయంగా ఓటు వేయాలంటే పక్క రాష్ట్రపు జవాను మన బడి గుమ్మంలో నిలబడాలి. అలాగే మన బిడ్డ ఇంకెక్కడో నిలబడి ఉంటాడు.

ఆర్యా, ఇక మా బాధ.

1949 చట్టం మూడో సెక్షన్ ఈ దళాన్ని కేంద్ర ప్రభుత్వం నిర్వహించే సాయుధ దళం అనే చెబుతోంది. క్రమశిక్షణ తప్పితే జవానును జైలుకు పంపే అధికారం ఆ చట్టమే ఇస్తోంది. మామూలు ప్రభుత్వోద్యోగికి ఉండే సంఘం పెట్టుకునే హక్కు అతనికి లేదు. కష్టం దగ్గర, శిక్ష దగ్గర సాయుధ దళమే. పింఛను దగ్గరికి, ఆసుపత్రి దగ్గరికి, రాష్ట్ర ప్రభుత్వ పథకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మీది మిలటరీ కాదు కదా" అంటారు. ఒక అమర జవాను భార్య పిల్లవాడి చదువు కోసం ఒక కార్యాలయానికి వెళ్తే మాజీ సైనికుల గుర్తింపు కార్డు తెమ్మన్నారు. ఆమె భర్త పింఛను ఉత్తర్వు, దళం ఇచ్చిన ధ్రువపత్రం, జెండా కప్పిన శవపేటిక పక్కన అధికారులు వరసగా నిలబడ్డ ఫొటో బల్ల మీద పెట్టింది. మూడూ తిరిగి ఆమె చేతికే వచ్చాయి. ఆ కార్డు ఇచ్చే కార్యాలయం ఆమెకు కార్డు ఇవ్వదు, అడిగే కార్యాలయం అది లేకుండా దరఖాస్తు తీసుకోదు. మా కోరికలన్నీ ఈ ఒక్క అన్యాయం చుట్టూనే తిరుగుతున్నాయి.

కాబట్టి ఈ కింది కోరికలు పరిశీలించి నెరవేర్చవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరేవి

1. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో పనిచేసి విరమించిన వారిని "మాజీ కేంద్ర సాయుధ పోలీసు దళ సిబ్బంది"గా గుర్తిస్తూ కేంద్ర హోం శాఖ 2012 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. మాజీ సైనికులకు ఇచ్చే తరహా సౌకర్యాలు వీరికీ ఇవ్వాలని రాష్ట్రాలకు సూచించింది. ఆ ఉత్తర్వు మా గడపకు చేరేలా అన్ని శాఖలకూ వర్తించే ఒకే జీవో ఇవ్వాలి. ఇంటిపన్ను మినహాయింపు, ప్రభుత్వ భూమి కేటాయింపు, ఇళ్ల స్థలాలు, ఉద్యోగాల్లో వయోపరిమితి సడలింపు అందులో పేరుపేరునా ఉండాలి. పంచాయతీ కార్యదర్శి నుంచి సచివాలయం వరకు ఎవరూ "మాకు ఆదేశాలు రాలేదు" అనే వీలుండకూడదు.

2. హర్యానాలో సైనికులకు, అర్ధసైనికులకు కలిపి ఒకే సంక్షేమ శాఖ ఉంది. మన రాష్ట్రంలోనూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల పరిధిని అర్ధసైనిక కుటుంబాలకు విస్తరించాలి. కొత్త భవనాలు అక్కరలేదు. ఉన్న కార్యాలయంలోనే ఒక గుమస్తా, ఒక రిజిస్టరు, మా పేరు మీద గుర్తింపు కార్డు ఉంటే చాలు.

3. విధి నిర్వహణలో మరణించిన జవాను కుటుంబానికి రాష్ట్రం ఇచ్చే సాయం ఆయా సందర్భాన్ని బట్టి, వార్తల్లో వచ్చిన తీరును బట్టి మారకూడదు. నిర్ణీత మొత్తం, నిర్ణీత గడువు, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, ఇంటిస్థలం అని నిబంధన రాయాలి. పుల్వామాలో పోయినవాడికీ, వార్తకెక్కని మందుపాతరకు పోయినవాడికీ ఒకే నిబంధన ఉండాలి. జవాను చదివిన బడికి అతని పేరు పెట్టాలి.

4. సైనికుల పిల్లలకు వృత్తి విద్యా కోర్సుల్లో ఉన్న క్యాప్ కోటా విషయంలో మా పిల్లల అర్హతను సందేహానికి తావులేకుండా తేల్చాలి. ఆ వరసలో అమర జవాన్ల పిల్లలకు ముందు చోటు ఇవ్వాలి.

జిల్లా యంత్రాంగాన్ని కోరేవి

5. భూమి మా అతిపెద్ద దిగులు. రీసర్వే వాళ్లు గట్టు మీదికి వచ్చిన రోజు పొలం యజమాని మణిపూర్‌లో ఉంటాడు. నోటీసు ఇంటి తలుపుకు అంటిస్తారు. అరవై దాటిన తండ్రి వెళ్లి నిలబడితే "పట్టాదారు సంతకం కావాలి" అంటారు. చివరికి రెండు ఎకరాలు పక్క రైతుతో కలిపి ఉమ్మడి భూకమత పటంలో (జాయింట్ ఎల్‌పీఎం) పడతాయి. దాన్ని విడదీయించుకోవడానికి జవాను సెలవు మొత్తం తహసీల్దారు కార్యాలయం వరండాలో కరిగిపోతుంది. విధుల్లో ఉన్న జవాన్ల భూముల సర్వేను వారి సెలవును బట్టి జరపాలి, లేదా వారు రాసిచ్చిన కుటుంబసభ్యుడి సమక్షంలో జరపాలి. ఇప్పటికే తప్పుపడిన రికార్డులను గడువు పెట్టి సరిచేయాలి. ఆక్రమణ ఫిర్యాదు వస్తే తహసీల్దారు, ఎస్సై కలిసి పొలం చూడాలి.

6. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో జవాన్ల కుటుంబాల అర్జీలకు ప్రత్యేక కౌంటరు పెట్టాలి. నాలుగు జిల్లాల్లో అర్ధసైనిక కుటుంబాల జాబితా తయారుచేయాలి. మేము ఎంతమందిమో లెక్క లేకపోతే మా కోసం ఏ పథకమూ రాదు.

7. కేంద్ర బలగాల్లో చేరేందుకు రాసే కానిస్టేబుల్ జీడీ పరీక్షను 2024 నుంచి తెలుగులోనూ రాయవచ్చు. పేపరు తెలుగులో వచ్చినా, మగపిల్లలు 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు, ఆడపిల్లలు ఎనిమిదిన్నర నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఇప్పుడు వాళ్లు లారీలు తిరిగే రోడ్ల అంచున తెల్లవారుజామున సాధన చేస్తున్నారు. నియోజకవర్గానికి ఒక జూనియర్ కళాశాల మైదానంలో ట్రాకు, దీపాలు, ఉచిత శిక్షణ ఏర్పాటు చేయాలి. శిక్షణ ఇవ్వడానికి మా విశ్రాంత సిబ్బంది సిద్ధంగా ఉన్నారు.

రాష్ట్ర ప్రభుత్వం ద్వారా కేంద్రానికి నివేదించవలసినవి

8. 2004 జనవరి 1 నుంచి చేరినవారిని కొత్త పింఛను పద్ధతిలో పడేశారు. ఆ పద్ధతి తెచ్చిన 2003 డిసెంబరు 22 నోటిఫికేషన్ సాయుధ దళాలను మినహాయించింది. సీఆర్‌పీఎఫ్ కూడా సాయుధ దళమేనని, పాత పింఛనుకు అర్హులేనని ఢిల్లీ హైకోర్టు 2023 జనవరి 11న తీర్పు చెప్పింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లగా ఆ తీర్పు అమలు నిలిచిపోయింది. కేంద్రం ఆ అప్పీలును ఉపసంహరించుకుని పాత పింఛను ఇవ్వాలని రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసి పంపాలి. మార్కెట్ ఎత్తుపల్లాల మీద బతకడం మిర్చి రైతుగా మాకు అలవాటే. తుపాకీ దించిన తర్వాత కూడా మా బిడ్డ అలాగే బతకాలని కోరుకోము.

9. సైనికులకు ఉన్న మిలటరీ సర్వీస్ పే, ఒకే ర్యాంకుకు ఒకే పింఛను మా దళాలకు లేవు. ఎనిమిదో వేతన సంఘం ముందు మా పక్షాన రాష్ట్ర ప్రభుత్వం లేఖ రాయాలి.

10. ప్రతి జవానూ ఏడాదికి వంద రోజులు కుటుంబంతో గడిపేలా చూస్తామని కేంద్ర హోం శాఖ మాట ఇచ్చింది. దానిని ప్రతి బెటాలియన్‌లోనూ అమలు చేయాలి. మిరప కోతకు కూలీలు దొరకని ఫిబ్రవరి, మార్చి నెలల్లో పదిహేను రోజుల సెలవు దొరికితే ఒక ఇల్లు నిలబడుతుంది. ఇంటికి రాలేని మనిషి మనసు ఏమవుతుందో మాకు తెలుసు. ప్రతి క్యాంపులోనూ తెలుగులో మాట్లాడగలిగే సలహాదారు అందుబాటులో ఉండాలి.

11. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం (సీజీహెచ్‌ఎస్) పరిధికి బయట ఉన్న పింఛనుదారుకు నెలకు ఇచ్చే వైద్య భత్యం వెయ్యి రూపాయలు. మార్కాపురంలో ఉండే విశ్రాంత హవల్దారు బీపీ, షుగరు మాత్రలకే అది సరిపోదు. ఒంగోలులో, నరసరావుపేటలో వెల్‌నెస్ సెంటర్లు తెరవాలి. జిల్లా కేంద్రాల్లోని ఆసుపత్రుల్లో నగదు చెల్లించకుండా చికిత్స అందేలా చూడాలి. అంతవరకు ఆ భత్యం పెంచాలి. ఆ రెండు పట్టణాల్లోనే తక్కువ ధరకు సరుకులు అమ్మే కేంద్రీయ పోలీస్ కల్యాణ్ భండార్ శాఖలు కూడా పెట్టాలి.

ఆర్యా, పై కోరికల్లో సగానికి ఖజానా నుంచి పెద్దగా ఖర్చు లేదు. ఒక జీవో, ఒక రిజిస్టరు, ఒక కౌంటరు, ఒక లేఖ, ఒక తీర్మానం కావాలి. ఒకటి, మూడు, అయిదు, ఆరు నంబర్ల కోరికల మీద అరవై రోజుల్లోగా లిఖితపూర్వక సమాధానం ఇప్పించవలసిందిగా, అర్ధసైనిక కుటుంబాల ప్రతినిధులతో కలెక్టర్ గారి అధ్యక్షతన ఒక సమావేశం జరిపించవలసిందిగా ప్రార్థిస్తున్నాము. ఎనిమిది నుంచి పదకొండు వరకు ఉన్న కోరికలను తమ సిఫారసుతో కేంద్ర హోం శాఖకు పంపి, పంపిన ఉత్తరం నకలు మాకు ఇప్పించగలరు.

ఇట్లు,
తమ విధేయులు,
గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల సీఆర్‌పీఎఫ్ కుటుంబాలు

ప్రతులు: కేంద్ర హోం మంత్రి గారికి, గుంటూరు, నరసరావుపేట, బాపట్ల, ఒంగోలు పార్లమెంటు సభ్యులకు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లా కలెక్టర్లకు.

జతపరచినవి: పింఛను ఉత్తర్వుల నకళ్లు, రీసర్వే అర్జీల నకళ్లు, సంతకాల పట్టిక.