కవచం కంటే ముందు కంచం

వీరుడంటే ఆయుధం పట్టినవాడనే మన లెక్క. పౌరాణిక నాటకాల్లో చూడండి: గద భుజాన వేసుకుని పాత్రధారి రంగంమీదికి రాగానే చప్పట్లు. ఆ వీరుడు పొద్దున ఏం తిన్నాడో, రాత్రి కంటినిండా నిద్రపోయాడో లేదో ఎవరూ అడగరు. భీముడి సంగతిలో ఆ ప్రశ్న అక్కర్లేదనుకోండి. తక్కినవాళ్ళ మాట ఏమిటి?

ఎవరూ అడగని యీ ప్రశ్న చుట్టూ స్వీడన్ దేశస్థులు ఒక ఆట అల్లారు. పేరు వాల్‌హైమ్. కంప్యూటరుమీద ఆడేది. ఐరన్ గేట్ అనే చిన్న సంస్థ 2021 ఫిబ్రవరి 2న దీన్ని బయటపెట్టింది. అప్పటికి అందులో పనిచేసేవాళ్ళు అయిదుగురు. నెల రోజుల్లో 50 లక్షల ప్రతులు చెల్లిపోయాయి. చిత్రమేమిటంటే, అప్పటికి ఆట పూర్తికాలేదు. ఆ మాట ముందే చెప్పి మరీ అమ్మారు. తరవాత 2022 డిసెంబరులో ఒక పొగమంచు సీమనూ, 2024 మే నెలలో ఒక బూడిద సీమనూ చేర్చారు. తెలుగు మేష్టర్ని గనక నాకిది వింతగా తోచలేదు. అరణ్యపర్వం మధ్యలో నన్నయగారు ఆపితే, తిక్కనగారు విరాటపర్వం నుంచి అందుకున్నారు. ఆ నడుమ వెలితి పూడ్చడానికి ఎర్రనగారు రావలసివచ్చింది. మన భారతమే విడతలు విడతలుగా వచ్చిందాయె!

కథ చిన్నది. చచ్చిపోయిన వైకింగు వీరుణ్ణి ఒక దేవకన్య ఆకాశమార్గాన మోసుకొచ్చి పచ్చికబయల్లో వదిలిపోతుంది. వొంటిమీద చింకిగుడ్డలు, చేతిలో కాగడా. ఇక తిండీ, ఇల్లూ, ఆయుధమూ అన్నీ తానే సంపాదించుకోవాలి.

నన్నీ అడవిలోకి దింపింది మా పెద్దమ్మాయి. ఇంజనీరింగు మూడో సంవత్సరం, హాస్టల్లో వుంటుంది. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి అది అక్కణ్ణించీ, నేను ఇక్కణ్ణించీ ఒకే అడవిలో దిగుతాం. చెవులకు తగిలించుకున్న యంత్రంలో మాట్లాడుకుంటాం. మామూలుగా ఫోన్లో “తిన్నావా”, “ఆఁ”, “చదువుతున్నావా”, “ఆఁ” అని నాలుగు ముక్కల్లో ముగిసే మా సంభాషణ, చేతికి గొడ్డలి ఇచ్చేసరికి గంటన్నర సాగుతోంది.

ఈ లోకంలో మనిషికి పుట్టుకతో వచ్చిన ప్రాణం 25. అంతే. ఆ పైన ఎంత కావాలన్నా తిండిలోంచి రావలసిందే. ఒక్కసారికి మూడు రకాలు తినవచ్చు. కొన్ని ప్రాణాన్ని పెంచుతాయి, కొన్ని దమ్మును పెంచుతాయి. పరుగెత్తినా, కత్తి విసిరినా, దెబ్బ తప్పించుకోవడానికి పక్కకు దొర్లినా ఖర్చయేది దమ్మే. అది నిండుకున్నవాడి చేతిలో ఎంతటి గదైనా వట్టి బరువే. తిన్నది అరుగుతున్నకొద్దీ ప్రాణమూ తరుగుతూ వస్తుంది.

కవచం లెక్క ఇంకా సొగసుగా వుంటుంది. ఎదుటివాడి దెబ్బ 40 అనుకోండి. మన కవచం 10 అయితే 30 తగులుతుంది. 20 అయితే 20. కవచం 40 చేసుకుంటే 10. 80 చేసుకున్నా 5 తగిలే తీరుతుంది. సున్నా అన్నది లేదు. మా కాలేజీలో లెక్కల మేష్టారికి యీ వరస చెబితే ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డుమీద గీత గీసి చూపించారు. నాకు కావలసింది గీత కాదు గాని, ఒకటి గమనించాను. 10 కవచంతో ఖాళీ కడుపున వెళ్ళినవాడికి తగిలేది 30, వున్నది 25. ఒక్క దెబ్బతో సరి. అదే కవచంతో, వండుకు తిని వెళ్ళినవాడు నిలబడి జవాబు చెబుతాడు. కవచం ఒకటే, కంచమే వేరు.

మూడోది విశ్రాంతి. పైన కప్పూ, పక్కన నిప్పూ వున్నచోట కాసేపు కూర్చుంటే, ఖర్చయిన దమ్ము రెట్టింపు వేగంతో తిరిగొచ్చే బలం పడుతుంది. ఇంట్లో సౌకర్యం ఒక్కొక్క మెట్టు పెరిగితే ఆ బలం ఒక్కొక్క నిమిషం ఎక్కువ నిలుస్తుంది. కుర్చీ వేస్తే సౌకర్యం పెరుగుతుంది, తివాసీ పరిస్తే ఇంకా పెరుగుతుంది. అంటే రాక్షసుడితో తలపడబోయేవాడు ముందు ఇల్లు సర్దుకోవాలన్నమాట! ఈ సూత్రం మా ఆవిడ చెవిని పడింది. హాల్లోకి మంచి తివాసీ కావాలని ఆవిడ అడగబట్టి రెండేళ్ళయింది. అంచేత ఆ విషయం ఇంతటితో వదిలేస్తాను.

పోట్లాటలో నేర్చుకోవలసిన విద్య డాలుది. డాలు ఎత్తి వుంచుకుని నడవడం కాదు. దెబ్బ వచ్చి తాకబోయే క్షణాన ఎత్తాలి. అప్పుడు కొట్టినవాడే తూలిపోతాడు. తూలుతున్నవాడిమీద మన దెబ్బ రెట్టింపు. నిలువెత్తు పెద్ద డాలుతో యీ కిటుకు సాగదు. గుండ్రటి చిన్న డాలే కావాలి. దుకాణం చూసి పెద్దదే మంచిదనుకునే మన అలవాటుకు ఇది కాస్త విరుద్ధం.

ఇక ఆయుధాల మెట్లు. మొదట చెకుముకిరాయి, తోలు. కొమ్ముల దుప్పిరాజును గెలిస్తే ఆ కొమ్ముతో గునపం. గునపం వుంటే నల్లడవిలో రాగీ తగరమూ తవ్వుకోవచ్చు. రెండుపాళ్ళు రాగి, ఒకపాలు తగరం వేస్తే కంచు అంటారు. మన కంచరులు వింటే నవ్వుకుంటారు. అడవికి పెద్ద అయిన చెట్టురాక్షసుణ్ణి పడగొడితే ఒక తాళంచెవి దొరుకుతుంది. ఆ చెవితో తెరుచుకునేవి చిత్తడినేలలో మునిగిపోయిన సమాధిగృహాలు. ఇనుము వాటిలోనే వుంది.

అసలు చిక్కు ఇక్కడే. ఆ చిత్తడిలో ఎప్పుడూ వాన. తడిసినవాడికి దమ్ము ఆలస్యంగా తిరిగొస్తుంది. నీళ్ళలో జలగలు, గట్టున కత్తులు పట్టుకున్న శవాలు, విషం చిమ్మే ముద్దలు. అక్కడ బతకాలంటే ఇనపకవచం కావాలి. ఇనుము అక్కడే వుంది. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళికాదు. తలకూ, వొంటికీ, కాళ్ళకూ ఇనపతొడుగు చేయించుకోవాలంటే 60 ఇనపకడ్డీలు పడతాయి. మోసే బరువు 300 దాటిందా, పరుగు లేదు. పైగా మాయద్వారంగుండా లోహం సాగదు. ఓడలో వేసుకుని సముద్రంమీద ఇంటికి తేవలసిందే. ఈ షరతు సడలించుకునే వీలు 2023లో కల్పించారు. మా అమ్మాయి వొప్పుకోలేదు. “అప్పుడింక ఇనుముకి విలువేముంది నాన్నా?” అంది.

మూడు వారాల కిందట ఆ సమాధిగృహం వాకిట్లో అది చచ్చిపోయింది. దగ్గర 22 ముక్కల ఇనుము వుంది. తిన్నది అరిగిపోయిన సంగతి చూసుకోలేదు. ఇద్దరు శవభటులు ముందునుంచి, విషపుముద్ద వెనకనుంచి. నేను అప్పుడు ఇంటిదగ్గర తేనెపట్లు చూసుకుంటున్నాను.

ఆటలో చావంటే అంతా పోవడం కాదు. చచ్చినచోట ఒక రాయి లేస్తుంది. సొత్తంతా అందులో భద్రంగా వుంటుంది. నేర్చుకున్న విద్యల్లో నూటికి 5 వంతులు మాత్రం తగ్గుతుంది. మనం ఇంట్లో మంచంమీద లేస్తాం, కట్టుగుడ్డల్లేకుండా, పాతిక ప్రాణంతో. అక్కడ అందరికీ పుట్టే బుద్ధి ఒకటే: ఇప్పుడే పరుగెత్తుకెళ్ళి తెచ్చేసుకుందామని. అలా వెళ్ళినవాడికి మొదటి రాయి పక్కన రెండో రాయి లేస్తుంది.

“ఆగవే” అన్నాను.

“వెళ్ళొచ్చేస్తాను నాన్నా, రెండు నిమిషాలు.”

“పెట్టెలో పాత కంచు తొడుగులున్నాయి. అవి వేసుకో. పనిబల్ల దగ్గర బాగుచెయ్యడానికి పైసా ఖర్చు లేదు. విషానికి విరుగుడు ఆసవం పులియబెట్టాను. అది దిగేదాకా ఆగు.”

ఆ ఆసవానికి తేనె 10, ముళ్ళమొక్క పూలు 5, బొగ్గు 10, ఒక బల్లిజాతి ప్రాణి తోక పడతాయి. మన గడియారంలో 40 నిమిషాలు పులియాలి. మా అమ్మాయికి ఆగడం ఇష్టం లేదు. అయినా ఆగింది. ఇద్దరం నిప్పు దగ్గర కూర్చున్నాం. పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తరవాత, ఇనుము గురించి చెబుతున్నట్టే అదే గొంతుతో, తనకొక పేపరు పోయిందని చెప్పింది. ఫలితాలు వచ్చి వారమయిందట. ఆ వారంరోజులూ మెస్సుకు సరిగ్గా వెళ్ళలేదట. రాత్రులు కూర్చుని చదువుతోందట, ఏమీ ఎక్కడంలేదట.

ఎన్ని మార్కుల్లో పోయిందని అడిగాను. చెప్పింది. మళ్ళీ పరీక్ష ఎప్పుడని అడిగాను. అదీ చెప్పింది. అంతకంటే నేనేమీ అనలేదు. ముప్ఫై యేళ్ళ వయసులో అయితే ఒక ఉపన్యాసం ఇచ్చేవాణ్ణే.

మా ఆవిడ గుమ్మంలో నించుని అంతా వింటోంది. ఫోను లాక్కుని, “ఆటలో మీ నాన్న చెబితే తిని వెళతావు గాని, అక్కడ ఇడ్లీ తినడానికి ఎవరు చెప్పాలే?” అంది. అవతల నవ్వూ ఏడుపూ కలిసిన చప్పుడు వినబడింది. ఆ రాత్రి మేం చిత్తడికి వెళ్ళనేలేదు. ఆసవం దిగింది, సీసాల్లో పోసి పెట్టుకున్నాం. అది హాస్టలు కింద బడ్డీకొట్టులో ఏదో తినివస్తానని వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం ఇద్దరం కలిసి వెళ్ళి 22 ముక్కలూ తెచ్చుకున్నాం. గంట కూడా పట్టలేదు. ఓడలో వస్తుంటే సముద్రసర్పం కనబడింది. వెంటపడింది గాని గాలి మా వైపు వుంది. ఇనుముతో మొదట కవచం చేయించుకుందామని నేను, గద చేయించుకుందామని అది. దాని మాటే నెగ్గింది, మంచిదయింది. ఆ చిత్తడికి రాజయిన ఎముకలముద్దమీద బాణాలూ కత్తులూ అంతంతమాత్రం, మోదితేనే కరుగుతుంది. పోయిన ఆదివారం మోదాం. దాంట్లోంచి ఒక ఎముక దొరికింది. భూమిలో వెండి వున్నచోట అది స్పందిస్తుంది.

వెండి కొండలమీద వుంది. అక్కడ చలి ప్రాణం తీస్తుంది. దానికి వేరే ఆసవం కావాలి, అందులోకీ తేనే కావాలి. మా అమ్మాయి పరీక్ష వచ్చే నెల 4న. అది అయ్యాకే కొండ ఎక్కడమని తనే చెప్పింది. ఈలోగా తేనెపట్లు చూసుకునే పని నాది.