మచ్చ లేనంతమాత్రమున రోగము లేదనవచ్చునా?



కుష్ఠురోగమన్నంతనే మనవారు ఒంటిమీద పాలిపోయిన మచ్చకై వెదకుదురు. మచ్చ కానరానిచో మన యింట ఆ పీడ లేదని నిశ్చింతగా నుందురు. ఈ నిశ్చింతయే మన చేతులకు చేటు తెచ్చుచున్నదని మా యభిప్రాయము.

1873వ సంవత్సరమున నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ ఈ రోగమునకు కారణమగు క్రిమిని కనుగొనెను. ఆ క్రిమి చర్మమునందే గాక నరములందును చేరును. కొందరిలో నరములందు మాత్రమే యుండి, చర్మముపై ఒక్క మచ్చనైనను చూపదు. అట్టివారి చర్మమును కొంచెము గీసి తీసిన రసమును సూక్ష్మదర్శినితో పరీక్షించినను క్రిమి సాధారణముగా కనబడదు.

మరి యెట్లు తెలియును? మోచేతి వెనుక, లోపలి ఎముక ప్రక్కనుండు నరమును వైద్యుడు వ్రేళ్లతో తడవి చూచును. రోగమున్నచో అది త్రాడువలె లావెక్కి యుండవచ్చును. పిమ్మట రోగి కన్నులు మూయించి, చిటికెనవ్రేలిని దూదితో తాకి, తెలిసినదా యని యడుగును. అప్పటికిని సందేహము తీరనిచో నరపు ముక్కను తీసి పరీక్షింతురు.

కావున రబ్బరుపాలు తీయు కత్తి తెగినను నొప్పి తెలియనివాడును, వేడిగిన్నె పట్టి బొబ్బలెక్కినను ఎరుగని తల్లియు, చిటికెనవ్రేలు వంగిపోవుచున్నవాడును, ఇది వట్టి తిమ్మిరియని తైలము రాచుకొనుచు కూర్చుండరాదు. మధుమేహమువలనను తిమ్మిరి కలుగును. ఏ రోగమో నిర్ణయించుట వైద్యుని పని. పోయి చూపించుకొనుట మన పని. నరము చెడి ఆరు మాసములు గడవకమున్నే చికిత్స జరిగినచో స్పర్శయు బలమును మరలివచ్చు అవకాశము హెచ్చు.

తాతల నాటి మాటలు తలచుకొని కొందరు భయపడుదురు. 1930లో కౌలాలంపూర్ చెంత సుంగై బూలోలో వెలసిన కుష్ఠు నివాసము రోగులను కుటుంబములనుండి వేరుచేసిన మాట నిజమే. ఆ కాలము గతించినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన మందుల కూర్పును ఇంటనే యుండి మ్రింగవచ్చును. 1995 మొదలు ఆ సంస్థ దానిని దేశములకు ఉచితముగా పంపుచున్నది. మందు మొదలిడినపిమ్మట రోగము ఇతరులకు అంటుట త్వరలోనే ఆగిపోవును.

తోటలకు వచ్చు వైద్యులకును ఒక్క మనవి. ఒంటిని చూచి పంపివేయక, మోచేతిని తడవి చూడుడు. కంటికి కానరాని రోగమును చేతితో వెదకవలెను.