ఆస్పత్రికి ఐదు స్టార్లు.. ఇచ్చిందెవరు?

మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు 'హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టం' కాదు కదా? అయినా ఆశ్చర్యం లేదు. ప్రతి కాలేజీలో, ప్రతి బ్యాచ్‌లో రెండు మూడు టీములు చేసేది అదే. లాగిన్ పేజీ, అపాయింట్‌మెంట్, బిల్లింగ్.. చివర్లో 'పేషెంట్ ఫీడ్‌బ్యాక్' అంటూ ఐదు స్టార్ల ఫారం. ఆ ఫారం గురించే నా గొడవంతా. రేపు మీరు హైదరాబాద్‌లో ఏ ఆస్పత్రి ఐటీ విభాగంలోనో, హెల్త్‌టెక్ కంపెనీలోనో చేరితే డ్యాష్‌బోర్డులో పెద్ద అక్షరాల్లో 5కి 4.6 అని కనిపిస్తుంది. దాన్ని వెంటనే నమ్మేయకండి.

ముందు ఆ ఫారం ఎప్పుడు నింపిస్తారో చూడండి. ప్రైవేటు ఆస్పత్రిలో డిశ్చార్జ్ రోజు ఎలా ఉంటుందో మీ ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ 'ఇంటికెళ్లొచ్చు' అంటారు. సంచులు సర్దేస్తాం. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. డిశ్చార్జ్ సమ్మరీ టైపు కావాలి, మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి, బిల్లు మూయాలి, అది ఇన్సూరెన్స్ వాళ్లకు వెళ్లి అప్రూవల్ రావాలి. మా నాన్నకు సర్జరీ అయినప్పుడు సాయంత్రమైంది. ఈలోపు ఓ అమ్మాయి ట్యాబ్ పట్టుకొచ్చింది. 'సార్, ఫైవ్ ఇవ్వండి, మాకు టార్గెట్ ఉంటుంది' అంది. నాన్న కళ్లజోడు సంచిలో ఉండిపోయింది. ఆమే నొక్కేసి వెళ్లింది. ఆమెను తప్పుపట్టను. కానీ బిల్లు ఇంకా తేలలేదు, వచ్చేవారం కుట్లు విప్పించుకోవడానికి అక్కడికే రావాలి. అలాంటప్పుడు రెండు స్టార్లు ఇచ్చే ధైర్యం ఎవరికుంటుంది?

ఇంకో సంగతి. ఆ 4.6లో లేనివాళ్లెవరు? ఓపీలో గంటలకొద్దీ కూర్చుని, విసిగి డాక్టర్‌ను చూడకుండానే వెళ్లిపోయినవాళ్లు లేరు. డబ్బు చాలక మధ్యలోనే పేషెంట్‌ను తీసుకెళ్లినవాళ్లు లేరు. చనిపోయినవాళ్ల ఇంటివాళ్ల చేతికి ట్యాబ్ ఎవరూ ఇవ్వరు. డేటా సైన్స్ కోర్సుల్లో దీన్ని శాంపిల్ బయాస్ అంటూ ఒక స్లైడులో చెప్పి వదిలేస్తారు. ఇక్కడ అది ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపు.

అడిగే పద్ధతి ఇదొక్కటే కాదు. అమెరికాలో హెచ్‌క్యాప్స్ అనే సర్వే ఉంది. పేషెంట్ ఇంటికెళ్లాక, 48 గంటల నుంచి 6 వారాల మధ్యలో, ర్యాండమ్‌గా ఎంచుకున్నవారిని అడుగుతారు. 'తృప్తిగా ఉన్నారా' అన్నది కాదు వాళ్ల ప్రశ్న. 'నర్సులు మీ మాట ఎంత తరచుగా శ్రద్ధగా విన్నారు', 'కొత్త మందు దేనికో చెప్పారా' అంటారు. 2008 నుంచి ఫలితాలు జనం ముందు పెడుతున్నారు, 2012 నుంచి మెడికేర్ చెల్లింపులకూ ముడిపెట్టారు. అదీ లోపాల్లేనిదేం కాదు. నొప్పి గురించి అడిగే ప్రశ్నల వల్ల డాక్టర్లు మత్తు మందులు ఎక్కువ రాస్తారేమోనన్న విమర్శలు రావడంతో వాటిని చెల్లింపుల లెక్కలోంచి తీసేశారు. మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా 2016లో 'మేరా అస్పతాల్' పెట్టింది. ఆస్పత్రికి వెళ్లొచ్చినవారికి ఎస్ఎంఎస్, ఫోన్ ద్వారా అభిప్రాయం అడిగే ఏర్పాటది. అక్కడ ట్యాబ్ పట్టుకుని పక్కన నిలబడేవాళ్లుండరు.

'వైద్యం గురించి పేషెంటుకేం తెలుసు, అతని మార్కులెందుకు' అనే డాక్టర్లున్నారు. సగం నిజమే. ఆపరేషన్ బాగా చేశారో లేదో పేషెంట్ చెప్పలేడు. ఇంగ్లిష్‌లో ఉన్న సమ్మరీ చేతిలో పెట్టి పంపారా, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో చెప్పారా అన్నది మాత్రం సర్జన్‌ కంటే అతనికే బాగా తెలుసు.

ఇంజినీరింగ్ చదివారు కాబట్టి లిటిల్స్ లా గుర్తుండే ఉంటుంది. హాల్లో 120 మంది ఉండి, గంటకు 40 మందిని చూస్తుంటే, సగటున ఒక్కొక్కరు 3 గంటలు ఆగాల్సిందే. యాప్ రంగులు మార్చితే ఇది మారదు. క్యూఆర్ కోడ్ స్కాన్‌తో ఓపీ చీటీ వచ్చినా తగ్గేది కౌంటర్ దగ్గరి లైనే, డాక్టర్ గది ముందు లైను కాదు. కానీ 'మీకు ఇంకా గంటన్నర పడుతుంది' అని ఫోనుకు మెసేజ్ వస్తే జిల్లా నుంచి తెల్లవారుజామున బస్సెక్కి గాంధీకో, ఉస్మానియాకో వచ్చిన మనిషి బయటికెళ్లి ఇంత టిఫిన్ తిని రాగలడు. ఆ పని మీరు చేయగలరు.

అందుకే ప్రాజెక్టులో స్టార్ల ఫారం తీసేయండి. నాలుగు టైంస్టాంపులు పెట్టండి: డాక్టర్ వెళ్లమన్నది, బిల్లు మూసింది, ఇన్సూరెన్స్ ఓకే అన్నది, పేషెంట్ గేటు దాటింది. డిశ్చార్జ్ వేళ క్యాష్‌లెస్ అనుమతి 3 గంటల్లో ఇవ్వాలని 2024లో ఐఆర్‌డీఏఐ బీమా కంపెనీలను ఆదేశించింది. అది అమలవుతోందో లేదో ఆ రెండో, మూడో అంకెలే చెబుతాయి. సగటు ఒక్కటే వేసి ఊరుకోకండి, అందరికంటే ఎక్కువసేపు ఆగిన పది శాతం మందిని విడిగా చూపించండి.

ఇంటర్వ్యూలో 'ఏమైనా అడుగుతారా' అన్నప్పుడు చాలామంది జీతం, వర్క్ ఫ్రమ్ హోమ్ దగ్గరే ఆగిపోతారు. మీరు వాళ్ల 4.6ను ఎవరు, ఎక్కడ కూర్చుని, బిల్లు కట్టకముందా కట్టాకా నింపారో అడిగి చూడండి.