చప్పుడు వచ్చేదాకా ఆగొద్దు

పాత స్పోర్ట్స్ కార్లు ఉన్నవాళ్లలో ఒక మాట సూత్రంలా చలామణి అవుతోంది: ముందు చక్రాల దగ్గర చప్పుడు రానంతవరకు బాల్ జాయింట్ల జోలికి పోవద్దు. ఆదివారం పూట మాత్రమే బయటికి తీసే బండిలో అరిగేదేముంది అంటారు. ఈ మాట తప్పు. తప్పే కాదు, ప్రమాదం కూడా.

మజ్దా ఎంఎక్స్-5నే తీసుకోండి. 1989లో చికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చిన ఈ కారు మొదటి తరం 1997 దాకా తయారైంది. వాటిలో 25 ఏళ్లు నిండనిది ఇవాళ ఒక్కటీ లేదు. బరువు సుమారు 950 కిలోలే. తేలిక బండికి కీళ్లు అంత త్వరగా పోవన్నది వాళ్ల రెండో వాదన.

బాల్ జాయింట్ మన తుంటి కీలు లాంటిది. ఉక్కు గుండు, దాన్ని పట్టుకునే గిన్నె, మధ్య గ్రీజు, పైన రబ్బరు బూటు. కిలోమీటర్లు గుండును అరగదీస్తాయి, ఏళ్లు రబ్బరును తినేస్తాయి. షెడ్డులో కదలకుండా ఉన్నా రబ్బరు గట్టిపడి బీటలు వారుతుంది. ఆ పగుళ్లలోంచి నీళ్లు, దుమ్ము దిగుతాయి. గ్రీజు పోతుంది, గుండు తుప్పుపట్టి గరుకెక్కుతుంది. ఇక ఆ తర్వాత తిరిగే ప్రతి కిలోమీటరూ గిన్నెను గీకుతుంది. బండి తేలికైనంత మాత్రాన ఆ తుప్పు ఆగదు.

చప్పుడు చివర్న వస్తుంది. అప్పటికే గుండుకీ గిన్నెకీ మధ్య తగినంత సందు పడి ఉంటుంది. అంతకు చాలా ముందే స్టీరింగ్‌లో పదును పోతుంది, బ్రేకు వేస్తే బండి ఓ పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. ఇవన్నీ కనిపిస్తే చాలామంది చేసేది అలైన్‌మెంట్. ప్లే, అంటే వదులు, ఉన్న జాయింటుతో అలైన్‌మెంట్ చేయించడం శుద్ధ దండగ. నిలబడ్డ బండికి కుదిర్చిన కోణం మలుపులో భారం మారగానే మారిపోతుంది. అలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు గుండు ఊడి చక్రం పక్కకి వాలిపోతుంది. అది ఏ వేగంలో జరుగుతుందో ముందుగా చెప్పగలిగేవాళ్లు లేరు.

పరీక్ష కష్టమేమీ కాదు. చక్రం నేల మీద ఉంటే బండి బరువు ప్లేను దాచేస్తుంది. అందుకే జాకీ వేసి లేపాలి, కింద స్టాండు తప్పనిసరి. టైరు పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగితే ఒకరు బ్రేకు తొక్కి పట్టాలి. ఊగుడు ఆగితే తేడా బేరింగులో ఉన్నట్టు, ఆగకపోతే జాయింట్లలోనో ఆర్మ్ బుష్‌లలోనో ఉన్నట్టు. అప్పుడు టైరు కింద కడ్డీ పెట్టి ఎత్తుతూ జాయింటు దగ్గర చూడాలి. ఏటా ఒకసారి ఈ పని చేసేవాళ్లకి చప్పుడు కోసం ఎదురుచూడాల్సిన అవసరం రాదు.

కొత్త బూటు తొడిగి గ్రీజు కూరితే సరిపోతుందనే వాళ్లూ ఉన్నారు. బూటు ఈమధ్యే చిరిగి, లోపల జాయింటు బిగువుగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. తుప్పు కనిపించాక మాత్రం అది రోగాన్ని కప్పిపెట్టడమే. అప్పుడు మార్చాల్సిందే. ఎంఎక్స్-5కి కింది జాయింటు బోల్టులతో విడిగా వస్తుంది. పైది ఆర్మ్‌తో కలిపే ఉంటుంది, కాబట్టి ఆర్మ్ మొత్తం మార్చాలి. ఖర్చని వెనకాడేది ఇక్కడే. చక్రాలకీ సైలెన్సర్లకీ పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టండి. బిగించేటప్పుడు స్ప్లిట్ పిన్ కొత్తది వేయాలి. పిన్ రంధ్రం నట్టు గాడితో కలవకపోతే నట్టును వెనక్కి వదలకూడదు, ఇంకాస్త ముందుకే బిగించాలి. ఆర్మ్ బుష్‌ల బోల్టులు బండి తన ఎత్తులో నిలబడ్డాకే చివరి బిగువు వేయాలి. అలైన్‌మెంట్ ఆ తర్వాత.

విప్పిన పాత జాయింటును చేత్తో తిప్పి, "చూడు, ఎంత సాఫీగా తిరుగుతోందో, అనవసరంగా మార్చాం" అంటారు కొందరు. కొత్త జాయింటును కూడా అలాగే తిప్పి చూడమనండి. అది వేళ్లకి ఎదురుతిరుగుతుంది, బలం పెడితేగానీ కదలదు.