సముద్రగర్భ యాత్రకు సన్నాహము

ఎఱ్ఱసముద్రము పేరు వినని విద్యార్థి మన పాఠశాలలో నుండడు. పులియని పిండిని మూటగట్టుకొని తొందరగా బయలుదేఱిన జనసమూహము ఆ నీటి యొడ్డున వచ్చి నిలిచిన కథను నిర్గమకాండములో నందఱును చదివినవారే. నేడు అదే సముద్రమునకు ఐగుప్తు దేశపు హుర్ఘాదా రేవునుండి వేఱొక విధమగు యాత్రికులు బయలుదేఱుచున్నారు. వారు సముద్రమును దాటుటకు గాక దాని గర్భమును జూచుటకు బోవువారు. వీపున గాలి సిలిండరు దాల్చి నీట మునుగు ఈ విద్యకు స్కూబా యని పేరు. ఓడమీదనే యాఱేడు దినములు భుజించి, నిద్రించి, దినమునకు మూడు నాలుగు మాఱులు మునుగు యాత్రను లివ్‌అబోర్డు యాత్ర యందురు. మన దేశమునను అండమాను దీవులలోను, విశాఖపట్టణ తీరమునను ఈ విద్యను నేర్పుచున్నారు. నేర్చిన యువకులు అట్టి యోడ నెక్కగోరుట సహజము. కావున మొదటిసారి యట్టి యాత్రకు బోవువారు ఎట్లు సిద్ధపడవలెనో మా యభిప్రాయమును తెలుపుచున్నాము.

ఈ యాత్రకు సంచిలో సర్దుకొనవలసినవి స్వల్పములు. దేహమునందును, అలవాటునందును, నోటియందును సిద్ధపఱచుకొనవలసినవి అధికములు. లోకములో జరుగునది దీనికి విపరీతము. యాత్ర నిశ్చయమైన మఱునాడే యువకుడు అంగడికి బోయి కెమెరా కొనును, రంగురంగుల కాలిరెక్కలు కొనును, కత్తి కొనును. తండ్రి బిల్లు చెల్లించి తన విధి తీఱినదని తలంచును. కొన్న వస్తువు కష్టకాలమున తనంతట తాను పనిచేయదు. దానిని వాడు చేతికి నేర్పు కావలెను. ఆ నేర్పు అంగడిలో దొరకదు.

మొదట సంచి సంగతియే చూతము. ఓడగదులు మిక్కిలి యిఱుకు. గట్టి పెట్టెకు చోటుండదు గనుక మడిచి మంచము క్రిందికి ద్రోయదగిన గుడ్డసంచియే మేలు. ఓడ యెక్కగానే చెప్పులు విడిచి బుట్టలో వేయుదురు. తరువాత వట్టికాళ్లతోనే తిరుగవలెను. నాలుగు తేలిక బట్టలు, ఎండకు పొడుగుచేతుల చొక్కా, టోపీ, రాత్రి నీటినుండి లేచినపుడు చలిగాలికి ఒక దళసరి కోటు చాలును. ముఖమునకు సరిగా నమరు మాస్కు, లోతును కాలమును లెక్కించు డైవ్ కంప్యూటరు, రెండు టార్చిలు, ఒక ఈల, గాలి యూది నీటిపై నిలుపు నారింజరంగు గొట్టము స్వంతముగా నుండవలెను. ప్రవాహము దూరముగా గొనిపోయినపుడు పడవవానికి మనిషి తల కానరాదు. ఆ గొట్టము కానవచ్చును. తక్కిన సామగ్రిని, కొలతలు ముందుగా వ్రాసి పంపినచో, ఓడవారే అద్దెకిత్తురు. మాస్కును, కంప్యూటరును, మందులను విమానములో చేతిసంచియందే యుంచుకొనవలెను. పెద్దసంచి దారితప్పినచో నడిసముద్రమున అంగడి లేదు. విడి లిథియం బ్యాటరీలను పెద్దసంచిలో వేయరాదని విమానయాన నిబంధనయు కలదు.

పోవు చోటి నీటి స్వభావమును దెలిసికొని సర్దుకొనుట వివేకము. ఎఱ్ఱసముద్రపు ఉత్తరభాగమున ఫిబ్రవరిలో నీటి వేడిమి సుమారు 22 డిగ్రీలు, ఆగస్టులో సుమారు 28 డిగ్రీలు. 22 డిగ్రీల గాలి మనకు హాయి, నీరట్లు గాదు. గాలికంటె నీరు ఇరువది రెట్లకు పైగా వేగముతో దేహపు వేడిని లాగికొనును. దినమునకు నాలుగు మాఱులు మునుగువానికి ఆ చలి దినదినము పేరుకొనును. కావున చలికాలమున 5 మిల్లీమీటర్ల దళసరి వెట్‌సూటైనను వలయును. మఱియు సామాన్య సముద్రజలమున వేయి పాళ్లకు 35 పాళ్ల యుప్పు ఉండగా అచట అది 40 పాళ్లకు చేరును. ఉప్పు హెచ్చినకొలది దేహము తేలును. నడుమున గట్టు సీసపు బరువును హెచ్చింపవలెను. మంచినీటి కొలనులో నేర్చినవాడు ఆ లెక్కతోనే దిగినచో మునుగజాలడు. మొదటి దినముననే లోతులేని చోట బరువును సరిచూచుకొనవలెను.

పిమ్మట విద్య. మొదటి పట్టా పొందినవానికి 18 మీటర్లు, రెండవ పట్టా పొందినవానికి 30 మీటర్లు హద్దని నేర్పు సంస్థలు నిర్ణయించినవి. ఈ యోడలు పోవు చోట్లు పెక్కు లోతైనవి, ప్రవాహము గలవి. ఓడ యెక్కిన పిమ్మట నేర్చుకొందమనుట పరీక్షగదిలో గూర్చుండి పాఠము మొదలిడుట వంటిది. చాలకాలము మునుగక యున్నవాడు మాస్కులోని నీటిని వెడలగొట్టుటను, తోడివానికి గాలి యిచ్చుటను కొలనులో మరల నభ్యసింపవలెను. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణపు ఒత్తిడి హెచ్చును. ఆ యొత్తిడిచే నత్రజని రక్తమునను కండలయందును కరగియుండును. త్వరగా పైకి వచ్చినచో గోలీసోడా కొట్టినపుడు పొంగినట్లు అది బుడగలై ప్రాణాపాయము గలిగించును. జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు 1908లో పైకి వచ్చు పద్ధతికి లెక్కలు ప్రకటించెను. మెల్లగా లేచుట, 5 మీటర్ల లోతున 3 నిమిషములు ఆగుట నేటి యాచారము. పలుదినములు మునిగినవాడు విమానమెక్కుటకు ముందు కనీసము 18 గంటలు ఆగవలెనని ఈ విషయము నెఱిగిన వైద్యులు చెప్పుదురు; ఒక దినమంతయు ఆగుట మఱింత మేలు. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు కొనునపుడే ఈ లెక్క వేసికొనవలెను.

ఓడవారు వైద్య ఫారము నొకదానిని నింపుమందురు. ఉబ్బసము, గుండెజబ్బు, మూర్ఛ, చెవిరోగము కలవా యని అందులో నడుగుదురు. కట్టిన రుసుము పోవునను భయముచే కొందఱు అన్నింటికిని లేదని వ్రాయుదురు. ఓడవాడు కాగితమును నమ్మును. నీరు కాగితమును చదువదు. ఓడ యున్న చోటినుండి చికిత్సగది గల పట్టణమునకు అనేక గంటల ప్రయాణము పట్టవచ్చును. వైద్యుని ముందుగా జూచి, ఉన్నదున్నట్లు చెప్పి, ఆయన వలదన్నచో మానుకొనుట పిఱికితనము గాదు. బిడ్డచేత నిజము వ్రాయించుట తల్లిదండ్రులు చేయగల సన్నాహములలో మేలైనది.

కొందఱందురు: "ఇంత ధనమిచ్చి పోవుచున్నాము. క్షేమము ఓడవారి భారము. ప్రశ్నించుట మర్యాద గాదు." ఈ మాటను మే మంగీకరింపజాలము. 2019 సెప్టెంబరు 2వ తేదీ తెల్లవాఱుజామున కాలిఫోర్నియా తీరమున సాంతాక్రూజ్ దీవియొద్ద లంగరు వేసియున్న కన్సెప్షన్ అను ఇట్టి యోడకు నిప్పంటుకొనెను. క్రిందిగదిలో నిద్రించుచున్న 34 మంది మరణించిరి. వారిలో 33 మంది యాత్రికులు, ఒకరు ఓడ సిబ్బందిలోనివారు. ఆ గదికి బయటపడు దారులు రెండుండెను; రెండును మండుచున్న పైగదిలోనికే తెఱచుకొనెను. రాత్రి మేలుకొని తిరుగు కావలివాడు ఉండవలెనను నిబంధన యుండియు, ఎవడును లేడని విచారణలో తేలెను. కెప్టెను 2023లో దోషిగా నిర్ణయింపబడి 2024లో 4 సంవత్సరముల శిక్ష పొందెను. శిక్ష న్యాయమే, కాని యది నిద్రించినవారిని మరల లేపజాలదు. 2024 నవంబరులో ఎఱ్ఱసముద్రముననే సీ స్టోరీ అను ఓడ తెల్లవాఱకముందే మునిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. మరణించినవారిని నిందించుట మా యుద్దేశము గాదు. తరువాత బోవువారు నోరు తెఱచి యడుగుట నేర్వవలెననియే మా మనవి.

ఏమి యడుగవలెను? రాత్రి కావలి యెవరిది? నా గదినుండి బయటపడు రెండవ దారి యేది? అది యెచట తేలును? లైఫ్‌జాకెట్లు ఎచట నున్నవి? డబ్బు కట్టుటకు ముందే ఉత్తరము వ్రాసి వీనిని తెలిసికొనవలెను. ఓడ యెక్కిన దినముననే ఆ దారివెంట నొకమాఱు స్వయముగా నడచి చూడవలెను. కన్సెప్షన్ దుర్ఘటన తరువాత అమెరికా కోస్టుగార్డువారు లిథియం బ్యాటరీలను ఎవరును చూడని వేళ ఛార్జి చేయుటను తగ్గింపుడని ఓడలవారికి హితవు చెప్పిరి. మన కెమెరా బ్యాటరీని పగటివేళ మనుష్యులున్న చోట ఛార్జి చేసి రాత్రి విప్పివేయుట మన చేతిలోని పని. ఓడపై నడుగుటకు నీ వెవరవని యందురేని, అపొస్తలుడైన పౌలును జ్ఞాపకము చేసికొనుడు. అతడు నావికుడు గాడు, ఖైదీ. అయినను ముందు నష్టము కలుగునని యతడు హెచ్చరించెను. శతాధిపతి యతని మాటకంటె నావికుని మాటను, ఓడ యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. కడకు సరకును, ఓడ సామగ్రిని, గోధుమలను సముద్రమున బాఱవేసియు ఓడను దక్కించుకొనలేకపోయిరి. 276 మంది ప్రాణములతో మెలితే ద్వీపమునకు చేరుట దేవుని కృప.

అడుగు నోరే వలదనుటకును నేర్వవలెను. జలుబు చేసి చెవులు దిబ్బడ వేసినప్పుడు, రాత్రి నిద్ర లేనప్పుడు, మనసునకు జంకు కలిగినప్పుడు "ఈ పూట నేను దిగను" అనుట మునుగువాని హక్కు. కారణము చెప్పనక్కఱలేదు. తోడివారు నవ్వుదురని దిగినవాడు తనకును, తన జంటగానికిని అపాయము తెచ్చును. బడిలో ఆటలయందు వెనుదీయరాదని బోధింతుము. అది యాటకు తగును. నీటిక్రింద వెనుదీయుట తెలియనివాడు శూరుడు గాడు.

కడపట చేతుల సంగతి. ఆ సముద్రమున 1941 అక్టోబరు 6వ తేదీన జర్మను విమానములచే మునిగిన థిసిల్‌గార్మ్ అను బ్రిటిషు సరకు ఓడ సుమారు 30 మీటర్ల లోతున నున్నది. అందలి మోటారు సైకిళ్లను, లారీలను, సైనికుల బూట్లను ఇప్పటికిని చూడవచ్చును. ఆ దినమున 9 మంది మరణించిరి. అయినను జ్ఞాపకార్థమని దాని భాగములను ఊడదీసికొని పోయినవారు కలరు. అచటనుండి గవ్వనైనను తేరాదు. పగడపు దిబ్బను తాకరాదు. పోవునపుడు తేలికగా నున్న సంచి వచ్చునపుడును అట్లే యుండవలెను.

విద్యార్థులారా, మీలో నెవరైనను ఒకనాడు ఆ లోతుల వింతలను జూతురుగాక! సంచి కట్టుటకు ఒక సాయంకాలము చాలును. నేర్చుకొనుటకు, వైద్యుని జూచుటకు, ఓడను గూర్చి యడిగి తెలిసికొనుటకు నెలలు పట్టును. కావున వానినే ముందు మొదలిడుడు. తల్లిదండ్రులారా, సంచిలో నేమున్నదని మీ బిడ్డను అడుగుటకు ముందు, రాత్రి ఓడకు కావలి యెవరో తెలిసికొంటివా యని యడుగుడు.