పక్షి ఉన్న చోటు, చేప ఉన్న చోటు

ఏలూరు నుండి కైకలూరు బస్సెక్కి ఆటపాకలో దిగిన విద్యార్థులు, అటవీశాఖ వారు నీటిలో నిలిపిన ఇనుప మంచెలపై గూడబాతులు కాపురముండుట చూచియే యుందురు. పత్రికలు వీటినే పెలికాన్లనుచున్నవి. ఈ పక్షులు తమ చేపలను మింగుచున్నవని చెరువుల యజమానులందురు. చెరువులే పక్షుల నోటి కూడు తీసినవని పక్షిప్రియులందురు. రెండు వాదములలోను కోపమే గాని లెక్క కనబడదు.

అట్టి లెక్క యొకటి కలదు. తెలుగు చెప్పుకొను నాకు గణితాధ్యాపకులు దయతో బోధించిన మేరకు వ్రాయుచున్నాను. సరస్సు పటమును గడులుగా విభజింపవలెను. ఒక గడిలో పక్షి కనబడు సంభావ్యత పదింట ఆరు, చేప దొరకు సంభావ్యత పదింట ఐదు అనుకొందము. రెండింటి గుణకారమున పదింట మూడు వచ్చును. గడులన్నిటిని ఇట్లు కూడినచో వేటాడు జీవికిని ఆహారమునకును గల ఉమ్మడి నెలవు తేలును. దక్షిణ సముద్రమున పెంగ్విన్లకును, అవి తిను క్రిల్ అను చిన్న రొయ్యవంటి ప్రాణికిని శాస్త్రజ్ఞులు ఇట్టి పటములే గీయుచున్నారు.

అయితే ఈ గుణకారములో ఒక మెలిక కలదు. పక్షియు చేపయు ఒకదానితో నొకటి పనిలేక తిరుగునప్పుడే అది చెల్లును. గూడబాతు చేపను వెదకుకొనియే వచ్చును గనుక నిజమైన కలయిక అంతకంటె ఎక్కువ కావచ్చును. మరల, అది నీట మునిగి వేటాడు పక్షి కాదు. లోతున నున్న చేప దానికి లేనట్లే. తీగలు కట్టి, టపాకాయలు కాల్చి పక్షులను తోలు చెరువులో చేప ఎంత యున్ననేమి? ఇంకొకటి: మనము లెక్కించునది రోడ్డు ప్రక్క గడులనే. మనము పోని గడిలో పక్షి లేదనుట న్యాయము కాదు.

ఆరేడు గ్రామపు తాటిచెట్లపై 1946లో కె. కె. నీలకంఠన్ దాదాపు మూడు వేల గూడబాతులను చూచిరి. 1975 నాటికి ఆ కొలువు ఖాళీయైనది. కొల్లేరు ఎండిపోలేదు, చేప మాయము కాలేదు. కావున చేపల పటమొక్కటే చాలదు. గూటికి నెలవు కూడ గడిలో చేరవలెను.

ఇది వట్టి పాండిత్యము కాదు. 1999లో 5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైనది. 2006లో చెరువుగట్లు పగులగొట్టిరి. హద్దును 3 అడుగులకు తగ్గింపుడన్న కోరిక నాటినుండి వినబడుచునే యున్నది. ఆ రెండు గీతల నడుమ లంక గ్రామముల వారి బ్రతుకున్నది, గూడబాతు మేతయు నున్నది. ఏ గడిలో ఏది యున్నదో లెక్కింపక గీత జరుపుటయు తప్పే, జరుపరాదనుటయు తొందరపాటే అని నా అభిప్రాయము.

మన కళాశాలలో జంతుశాస్త్ర విద్యార్థులున్నారు, గణిత విద్యార్థులున్నారు, కొల్లేటి లంకల నుండి వచ్చు బిడ్డలున్నారు. దోనె నడుపుటయు, ఏ నెలలో ఏ చేప ఏ లోతున నుండునో చెప్పుటయు వారి తండ్రులకు తెలిసిన విద్య. కమిటీ పెద్దలు రెండు దుర్భిణులు కొనియిచ్చినచో, నవంబరు మొదటి ఆదివారము నాడే తొలి గడి లెక్క మొదలుపెట్టవచ్చును.